గోధుమకు వేరుపొయ్యి

మా మేనత్తను ఎంఆర్‌ఐ మిషన్‌లోకి పంపింది నేనే. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద సిగ్నల్ పట్టే కాయిల్ పరిచి బెల్టులు బిగించి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో రబ్బరు బుడ్డి పెట్టి, "ఇబ్బందైతే నొక్కండి" అని చెప్పి, బయటికొచ్చి తలుపు మూశాను. మా అక్కకు ఆవిడ చేసినవన్నీ ఆ ఉదయం నాకు వరస తప్పకుండా గుర్తున్నాయి. దేన్నైనా వరసలో గుర్తుపెట్టుకోవడం నా చదువు నేర్పిన అలవాటు. క్షమించడం ఆ సిలబస్‌లో లేదు.

మాది పలాస. నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ దగ్గర పనిచేస్తాడు. నేను రేడియాలజీ టెక్నాలజీ చదివి టెక్కలిలో ఒక స్కాన్ సెంటర్లో ఎంఆర్‌ఐ నడుపుతున్నాను. చిత్రాలు తీసేది నేను, చదివేది విశాఖలో కూర్చున్న డాక్టరు. చిత్రాలు కంప్యూటర్లో అక్కడికి వెళతాయి, రిపోర్టు ఇక్కడికి వస్తుంది. తీసినవాడు పేషెంటుకు ఏమీ చెప్పకూడదు. అది రూలు, మంచి రూలే.

అక్కను మేనత్త ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడికి ఇచ్చారు. మాలో మేనరికం మామూలే. వాళ్లది ఉద్దానంలో సముద్రానికి దగ్గర ఊరు. కొబ్బరితోట, జీడితోట, కొంత వరి భూమి, ఊళ్లో మాట చెల్లుబాటు. మామయ్య పార్టీ మనుషుల వెంట తిరుగుతాడు, ఇల్లు నడిపేది అత్త. బావ నెమ్మదస్తుడు. ఆ నెమ్మదితనం మీద కూడా నాకు కోపం ఉంది, కానీ అది రెండో వరసలోది.

ఉద్దానంలో మనిషి కాస్త నీరసపడితే ఎవరైనా ముందు అడిగేది కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ ఎంతని. అత్త వాళ్ల వీధిలోనే కొందరు డయాలసిస్‌కు తిరుగుతూ తిరుగుతూ పోయారు. ఆ భయంతో అత్త రెండు పనులు చేసింది. బావి నీళ్లు మాని క్యాన్ నీళ్లు తెప్పించింది. ఇంటి బియ్యాన్ని నమ్మడం మానేసింది. ఆ మట్టిలో ఏదో ఉంది, ఆ మట్టిలో పండిన గింజలోనూ ఉంటుంది అని తనకు తానే తేల్చుకుంది. ఒక్క మధ్యాహ్నం మాత్రం అన్నం. పొద్దున గోధుమ రవ్వ ఉప్మా, రాత్రి చపాతీ, ఆదివారం పూరీ. మామయ్యకు షుగర్ ఉండడం దీనికి తోడైంది. ఇంట్లో అందరికీ తరచూ క్రియాటినిన్ పరీక్ష చేయించేది. రిపోర్టు బాగుంటే ఆ రోజు కోడిని కోసేవారు. కిడ్నీ బాగుందంటే ఒంట్లో ఇంక జబ్బన్నదే ఉండదని ఆవిడ లెక్క. అది ఒక్క ఆవిడ లెక్కే కాదు, ఆ తీరం మొత్తం అలాగే ఆలోచిస్తుంది. దేనికోసం వెతుకుతున్నారో అది దొరక్కపోతే వెతకడమే మానేస్తారు.

అక్క ఆ ఇంటికి వెళ్లే దాకా గోధుమ ఎప్పుడో గాని తిన్నది కాదు. పెళ్లయిన రెండో ఏడాదికి చెంపలు లోపలికి పోయాయి. పొట్ట ఉబ్బరం, విరేచనాలు, దువ్వెన నిండా జుట్టు. రక్తం తక్కువన్నారు. క్రియాటినిన్ మాత్రం బాగుంది.

"కిడ్నీ బాగుంటే మరింకేటి రోగమే నీకు? మంచం దిగకుండా పడుకునే రోగమా?" అని అత్త అనేది. నేను చూడ్డానికి వెళ్లిన రోజు నా ఎదుటే అంది.

నేను విశాఖ తీసుకెళ్లాను. రక్త పరీక్ష చేశారు, ఎండోస్కోపీ చేసి పేగు లోపలి పొర నుంచి చిన్న ముక్కలు తీసి చూశారు. సీలియాక్ అని తేలింది. చిన్న పేగు లోపల మఖమల్ గుడ్డ మీద నూగులాంటిది ఉంటుంది. తిన్న తిండిలోని సారాన్ని ఒంట్లోకి లాక్కునేది అదే. ఈ జబ్బున్నవాళ్లు గోధుమ తింటే, అందులోని గ్లూటెన్ వల్ల ఒంటి సొంత కాపలాయే ఆ నూగు మీద పడి దాన్ని అరగదీస్తుంది. మందు లేదు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ జన్మలో ముట్టకపోవడమే మందు. వేరే గిన్నెలు, వేరే గరిటె, వీలైతే వేరే పొయ్యి ఉండాలని డాక్టరు చెప్పాడు. పిండి గాలికి ఎగిరి పడినా నష్టమే.

బావ పలాసలో ఒంటి బర్నరు పొయ్యి కొని వెనక వసారాలో పెట్టాడు. అత్త దాన్ని రెండు చేతులతో ఎత్తి వీధి అరుగు మీద పెట్టింది, నలుగురూ చూసేటట్టు.

"నా కంఠంలో ప్రాణముండగా ఈ ఇంట్లో రెండో పొయ్యి ఎలగదు. ఇద్దరు కొడుకులున్న కొంపలో వేరుపొయ్యంటే ఏటో తెల్దా నీకు? ఏరుబడిపోనట్టు. రేపు ఊరంతా అదే అంటాది."

అంతటితో ఆగలేదు. దగ్గరి బంధువుల ఇంట్లో భోజనాల పంక్తిలో వడ్డించేవాళ్లకు వినపడేలా అంది: "మా కోడలికి పూరీ ఎయ్యకండర్రా. మహారానికి గోధుమ పడదట. బంగారప్పేగు." పంక్తి పంక్తంతా నవ్వింది. అక్క తలొంచుకుని అన్నం కలుపుకుంది. నేను ఎదుటి వరసలో ఉన్నాను. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అక్క అన్నం, చేపల పులుసు, కూరలతో గడుపుకుంది. పొద్దున పూట సోడంబలి తాగేది. చోళ్లలో, అంటే రాగుల్లో, గ్లూటెన్ ఉండదు కాబట్టి డాక్టరు కూడా మంచిదన్నాడు. ఆ అంబలి మాత్రం అత్త కాచేది. "అంబలైనా నా సేతితో ఇవ్వనీ" అందట. మేమందరం అత్త మెత్తబడిందనుకున్నాం.

నెలలు గడిచినా అక్క కోలుకోలేదు, ఇంకా తగ్గిపోయింది. విశాఖలో అక్కను చూసే డాక్టరు మొహంలో మొదటిసారి నవ్వు లేకపోవడం చూశాను. గోధుమ మానేసినా కొందరిలో జబ్బు లొంగదని, పేగులో పుళ్లు పడొచ్చని, అరుదుగా పేగు క్యాన్సరుగా మారొచ్చని అన్నాడు. ఎండోస్కోపీ గొట్టం చిన్న పేగు మొదలు దాకానే వెళుతుంది. మిగతా పేగంతా చూడాలంటే ఎంఆర్‌ఐ స్కాన్ చెయ్యాలి.

ఆ స్కాన్ నా చేతుల మీదే జరిగింది. ఖాళీ పేగు ముడుచుకుని ఉంటుంది, దాన్ని విప్పాలి. అందుకు మానిటాల్ కలిపిన నీళ్లు లీటరు పైనే, ముప్పావు గంట పాటు కొద్దికొద్దిగా తాగించాలి. తర్వాత పేగు కదలకుండా సూది. చిత్రం స్పష్టంగా పడడానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందుకు ముందు క్రియాటినిన్ చూడాలి. ఉద్దానం మనిషికి ఈ మాట ఎవరూ వివరించనక్కర్లేదు, రిపోర్టు సంచిలోనే ఉంటుంది. అక్క మాట్లాడకుండా తాగింది. మిషన్ లోపల నేను ఊపిరి ఆపమన్నప్పుడల్లా ఆపింది. నాకే మళ్లీ తీసుకోమని చెప్పడం ఆలస్యమయ్యేది, నా ఊపిరి కూడా ఆగిపోయేది కాబట్టి.

మామూలు మనిషి పొట్ట చిత్రంలో పైన ఎడమ వైపున్న పేగు లోపల మడతలు దట్టంగా, ఈకల్లా ఉంటాయి. కింద కుడి వైపు పేగు దాదాపు నున్నగా ఉంటుంది. సీలియాక్ ముదిరితే ఇది తిరగబడవచ్చు. పై పేగులో మడతలు పలచబడతాయి. అక్కడ జరగని పని మీదేసుకుని కింది పేగు మడతలు పెంచుకుంటుంది. అక్క పేగు సరిగ్గా అలాగే ఉంది. నేను వెతికింది దాన్ని కాదు. గోడ ఎక్కడైనా మందమైందా, గడ్డలా ఏదైనా ఉందా అని ఒక్కొక్క చిత్రం జరుపుకుంటూ చూశాను. నాకు కనపడలేదు. కానీ నా మాట నేనే నమ్మలేక విశాఖ రిపోర్టు వచ్చేదాకా మంచినీళ్లు కూడా తాగలేదు. గడ్డల్లేవు, పుళ్లు లేవు, జబ్బు మాత్రం చురుగ్గా ఉంది అని రాశారు. రక్త పరీక్ష కూడా అదే మాట చెప్పింది.

"క్యాన్సరు కాదు. ఈవిడ పొట్టలోకి రోజూ గోధుమ వెళుతోంది. ఎక్కడినుంచో కనుక్కోండి" అన్నాడు అక్కను చూసే డాక్టరు.

మర్నాడు ఆ ఊరు వెళ్లి, అత్త ఎదుట కూర్చుని, ఆ మాటే చెప్పాను. దాచుతుందనుకున్నాను. దాచలేదు.

"నానే కలిపినాను. అంబల్లో దోసెడు గోధుమ పిండి, రోజూను. ఇది నిజం రోగమో, ఏరుపొయ్యి కోసం ఆడే నాటకమో తేలాలి గదా. ఇన్నాల్లు తాగినాది, ఏటైనాది? సచ్చిపోనాదా?"

ఆవిడ గొంతులో గెలిచిన ధీమా ఉంది. మామయ్య పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు. బావ గోడ వైపు చూశాడు. అక్క మాత్రం లేచి, ఆ అంబలి గిన్నె తోమి, బోర్లించి, బట్టలు సర్దుకుంది. ఆ సాయంత్రం పలాస వచ్చేశాం.

మా ఇంటి అన్నంతో నాలుగైదు నెలల్లో అక్క మనిషయింది. బావ ఆదివారం ఆదివారం బండి మీద వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని వెళ్లేవాడు. అతని బండి మలుపు తిరిగే దాకా అక్క గుమ్మంలో నిలబడేది. ఆ ఇల్లు తనది, ఆ మనిషి తనవాడు. వెళ్లాలని ఉంది, వెళితే తిండిలో ఏముంటుందో తెలియదు. అంతే చిక్కు.

నేను మాత్రం ఊరికే కూర్చోలేదు, మనసులో దారులు పేర్చుకున్నాను. పోలీసు కేసు ఒకటి. కుల పెద్దల్ని పిలిచి నిలబెట్టడం ఇంకొకటి. మామయ్య ఎప్పుడైనా ఎన్నికల్లో నిలబడితే ఆ రోజున, కోడలికి విషం పెట్టిన ఇల్లని ఊరంతా చాటించడం అన్నిటికన్నా నచ్చింది. అక్క మూడూ కొట్టేసింది.

"ఆ ఇంట్లో బతకాల్సింది నాను, నువ్వు కాదు. నీ పగ నా అన్నంలో కలపకు."

అక్క మాట విన్నాను. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఎదురుచూశాను.

ఎక్కువ కాలం పట్టలేదు. వానలు మొదలైన రోజుల్లో బావ ఫోన్ చేశాడు. అమ్మకు ఒంట్లో బాగాలేదు, చిక్కిపోయింది, రక్తం చాలా తక్కువుంది, కడుపునొప్పి, విరేచనాలు, క్రియాటినిన్ బాగుంది అన్నాడు. శ్రీకాకుళం డాక్టరు పేగు టీబీ అనుమానించి ఎంఆర్‌ఐ స్కాన్ రాశాడు. "మీ దగ్గరికే తీసుకొస్తాను, ఏమంటావు?" అని అడిగాడు. తీసుకురమ్మన్నాను. గొంతు మామూలుగానే ఉంచాను.

అత్త ఆటో దిగి నన్ను చూసి, ఏమీ జరగనట్టే "ఒరే అల్లుడా, చిక్కిపోనావేటిరా" అంది.

"పేషెంటు పేరు, వయసు అక్కడ కౌంటర్లో చెప్పండి" అన్నాను.

మీరు అన్నాను. పుట్టినప్పటినుంచి నువ్వు అనే మనిషిని మీరు అని పిలిస్తే ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, బావ వైపు చూసి, కౌంటరు దగ్గరికి నడిచింది. నడక మునుపటిలా లేదు.

మానిటాల్ నీళ్ల సీసాలు ముందు పెట్టాను.

"ఏ నీల్లురా ఇవి? బోరువా, క్యాన్వా?"

"సెంటర్ నీళ్లండి."

"మా ఇంటి క్యాన్ నీల్లు సీసాతో తెచ్చుకున్నాను. ఆటితో కలిపీసి ఇయ్యి."

"కుదరదండి. కలిపిపెట్టినవి ఇవే."

కుదిరేదే. అయినా కుదరదన్నాను. ఆవిడ ఒక్కొక్క గ్లాసూ ముఖం చిట్లించుకుంటూ తాగింది. మధ్యలో "సాల్దా?" అంది. చాలదన్నాను, నిజంగానే చాలదు. ఆ నీళ్లు తర్వాత మనిషిని బాత్రూము చుట్టూ తిప్పుతాయని ముందే చెప్పడం రూలు. చెప్పాను. చెప్పేటప్పుడు నాకు ఇబ్బందేమీ అనిపించలేదు.

అవసరానికి మించి ఒక్క వరస చిత్రాలు కూడా తియ్యలేదు. ఒక్కటి తగ్గించనూ లేదు. వేరే ముసలి పేషెంటైతే మధ్యలో "అయిపోవచ్చిందమ్మా, కాస్త ఓపిక పట్టండి" అంటాను. ఆవిడతో ఆ మాట అనలేదు. మైకులో మూడే మాటలు: ఊపిరి తీసుకోండి, వదిలి ఆపండి, తీసుకోండి. పొయ్యిని అరుగు మీద పెట్టిన మనిషి నేను ఆపమన్నప్పుడు ఆపింది, పీల్చమన్నప్పుడు పీల్చింది.

అప్పుడు చిత్రాలు తెర మీదికి వచ్చాయి.

పైన ఎడమ వైపు పేగులో మడతలు పలచగా, అక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. కింద కుడి వైపు దట్టంగా, ఈకల్లా ఉన్నాయి. అక్క చిత్రం నా కళ్లలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పక్కన పెట్టి చూసుకోవాల్సిన పని లేదు. ఇద్దరిదీ ఒకే పేగు. ఉండదా మరి, ఆవిడ నాన్నకు సొంత అక్క. అక్కకు ఈ జబ్బు ఇచ్చిన రక్తం ఆవిడ పుట్టింటిదే.

నాకు సంతోషం కలిగింది. దానికి ఇంకో పేరు పెట్టను. కిడ్నీ భయంతో సొంత పొలం బియ్యాన్ని పక్కకు నెట్టి, కొట్టునుంచి గోధుమ కొనితెచ్చి, కోడలికి దోసిళ్లతో కలిపి, తను కంచం నిండా తిని, ఆవిడ తన పేగును తనే అరగదీసుకుంది. నేను పేర్చుకున్న మూడు దారుల్లో ఏదీ ఇంత శుభ్రంగా లేదు.

బయటికి తీసుకొచ్చాక అత్త బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"ఏటి కనపడినాదిరా?"

"డాక్టరు చెప్తారండి."

"నువ్వు సూసినావు గదా. నాకు సెప్పకూడదేటి?"

"చూసినవాడు చెప్పకూడదండి. రూలు."

"ప్రానం పోయే రోగమా, అదొక్కటి సెప్పు."

గడ్డలాంటిదేమీ నాకు కనపడలేదు. కాదేమోనని ఒక్క తలూపుతో చెప్పొచ్చు, అది పెద్ద తప్పు కూడా కాదు. నేను గ్లవ్స్ తీసి బుట్టలో వేసి, "రిపోర్టు రేపొస్తుంది" అన్నాను. ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదని బావ తర్వాత చెప్పాడు. అక్క పేగు గురించి మాకు ఎన్ని రాత్రులు పట్టలేదో ఆవిడను ఎవరూ అడగలేదు.

రిపోర్టులో టీబీ లక్షణాలు లేవని, మడతల తీరు తిరగబడిందని, సీలియాక్ కోసం రక్త పరీక్ష చెయ్యాలని ఉంది. స్కాన్ అనుమానం చెప్తుంది, తీర్పు రక్తమూ పేగు ముక్కా చెప్పాలి. రెండూ అవుననే చెప్పాయి. అక్కను చూసిన డాక్టరే చూశాడు. "మేనకోడలికి ఉందని తెలిసీ మీరు ముందే పరీక్ష చేయించుకోలేదా?" అని అడిగాడట. రక్తసంబంధీకులం కాబట్టి నాన్నా నేనూ కూడా చేయించుకున్నాం. మాకు లేదు.

అత్త పలాస వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గర కూర్చుంది. ఏం తినాలో, దేంట్లో పిండి కలిసి ఉంటుందో, కొట్లో అమ్మే ఇంగువలో కూడా మైదా కలుపుతారని, ఇవన్నీ తెలిసిన మనిషి వాళ్ల బంధువులందరిలో మా అక్క ఒక్కతే. అడగడానికి ఆవిడకు నోరు రాలేదు.

"ఇంటికి రాయే" అంది చివరికి.

అక్క కన్నా ముందు నేను మాట్లాడాను. అప్పుడు అరుగు మీద పెట్టిన పొయ్యిని ఆవిడే తన చేతులతో వసారాలో పెట్టాలని, ఆ రోజు చూసిన నలుగురూ మళ్లీ చూడాలని, అంబలి సంగతి ఆవిడ నోటితోనే వాళ్లకు చెప్పాలని అన్నాను. ఈ మాటలు నెలలుగా సిద్ధం చేసుకున్నవి.

"అయిపోనాదా నీది?" అంది అక్క. తర్వాత అత్త వైపు తిరిగింది. "అత్తా, నాకు వేరుపొయ్యి వద్దు. వంటింట్లో ఉన్న పొయ్యే నాది. మనిద్దరికీ అందులోనే. గోధుమకెట్టండి వేరుపొయ్యి. జీడిపిక్కలు ఆరబోసే షెడ్డు ఉంది గదా, అక్కడ. మావకి చపాతీలు కావాలంటే అక్కడే కాల్చుకుని, అక్కడే తిని, చేతులు కడుక్కుని ఇంట్లోకి రావాల. పిండి డబ్బా గుమ్మం దాటి లోపలికొస్తే నాను మళ్లీ రైలెక్కీడమే."

అత్త గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది. "ఊరు నవ్వుతాది" అంది.

"నవ్వనీ. నాకు అలవాటే" అంది అక్క.

అలాగే జరిగింది. ఇప్పుడు ఆ ఇంట్లో మామయ్య రోజూ షెడ్డులో, పిక్కల బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని చపాతీ తింటాడు. మామయ్య వేరుపడ్డాడని ఊళ్లో జోకు. అంబలి అక్క కాస్తుంది. అత్త గ్లాసు అందుకునేటప్పుడు ఒక్క క్షణం అందులోకి చూస్తుందట. ఆ మాట బావ చెప్పినప్పుడు మళ్లీ చెప్పించుకుని విన్నాను.

నాకు ఇంకొక్కటి మిగిలింది. అది ఈమధ్యే, ఒక బంధువుల గృహప్రవేశం భోజనాల్లో తీరింది. అక్కా అత్తా పక్కపక్కన కూర్చున్నారు, నేను ఎదుటి వరసలో. పూరీల బుట్టతో వచ్చినవాడు, ఒకప్పుడు నవ్వినవాళ్లలో ఒకడు, అత్త ఆకు దగ్గర వంగాడు.

"నాకొద్దురా. పడదు" అంది అత్త చిన్నగా.

"ఏటి పిన్నీ, నీక్కూడా బంగారప్పేగేనా?" అన్నాడు. పంక్తి నవ్వింది. అత్త తలొంచుకుని అన్నం కలుపుకుంది.

వాడు ముందుకు వెళ్లిపోయాడు. నేను చెయ్యెత్తి పిలిచాను. "మావా, అక్కడ మా అత్తకి వేడి పూరీలు పడలేదు, చూడు" అన్నాను, చివరి ఆకు దాకా వినపడేలా.

వాడు బుట్టతో వెనక్కి వచ్చాడు. అత్త తలెత్తి నా వైపు చూసింది. ఆవిడకు అర్థమైంది. అర్థం కావాలనే పిలిచాను.

వాడి చెయ్యి వంగే లోపు అక్క తన ఎడమ చేతిని అత్త ఆకు మీద అడ్డం పెట్టింది. "పొడి రాలుతాది, ఎనక్కి పో" అని వాడితో అని, నా వైపు తిరిగింది.

"నోరు మూసుకుని తిను" అంది.

తిన్నాను. ఆ రోజు అన్నం బాగుంది, రెండోసారి పెట్టించుకున్నాను.